రిపోర్టులో వైరస్ లేదు, మనిషి మాత్రం పాజిటివ్: హెచ్‌ఐవీ లెక్కలో అసలు సంగతేంటి?

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఏడాదిగా వాడుతున్న ఒకావిడకు వైరల్ లోడ్ రిపోర్టు వచ్చిందనుకుందాం. అందులో 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని ఉంది. రక్తంలో వైరస్ దొరకలేదని కౌన్సెలర్ చెప్పింది. ఆ మాట విని భర్త సంబరపడ్డాడు, ఇక నయమైపోయినట్టే అనుకున్నాడు. ఎందుకైనా మంచిదని ప్రైవేటు ల్యాబుకు తీసుకెళ్లి మళ్లీ టెస్ట్ చేయించాడు. పాజిటివ్ వచ్చింది. ఇప్పుడు ఇంట్లో ఒకటే టెన్షన్. ప్రభుత్వ రిపోర్టు తప్పా, ల్యాబు తప్పా, లేక మందులే పనిచేయడం లేదా?

మూడూ కావు. రెండు రిపోర్టులూ కరెక్టే, మందులూ బాగా పనిచేస్తున్నాయి. చిక్కల్లా ఆ రెండు పరీక్షలూ వేర్వేరు సంగతులు చెబుతాయని ఎవరూ విడమర్చి చెప్పకపోవడమే. 2023 అంచనాల ప్రకారం దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. వాళ్లలో 3 లక్షలకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు. తెలంగాణలోనూ ఆ సంఖ్య లక్ష దాటింది. అంటే ఈ గందరగోళం ఎక్కడో దూరాన ఉన్నది కాదు.

ఏ పరీక్ష దేన్ని వెతుకుతుంది?

హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ జరిగే ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రంలోనైనా, బయటి ల్యాబులోనైనా మొదట చేసే పరీక్ష ప్రధానంగా యాంటీబాడీల కోసం చూస్తుంది. వైరస్ ఒంట్లోకి వచ్చాక రక్షణ వ్యవస్థ తయారుచేసుకునే ప్రోటీన్లివి. ఒకసారి తయారయ్యాక, మందులతో వైరస్ అణిగిపోయినా ఇవి దాదాపు జీవితాంతం ఉంటాయి. పదేళ్లుగా ఒక్క మాత్ర కూడా మానకుండా వాడుతున్న మనిషికి చేసినా పాజిటివ్ అనే చూపిస్తాయి. చికిత్స మొదలయ్యాక ఈ పరీక్ష మళ్లీ చేయించడం వల్ల ఒరిగేదేమీ లేదు, డబ్బులు దండగ, పైగా కొత్త అనుమానాలు.

ఇదే పరీక్ష సోకిన కొత్తలో ఇంకోరకంగా పొరపాటు పడేలా చేస్తుంది. యాంటీబాడీలు పరీక్షకు అందే స్థాయికి రావడానికి కొన్ని వారాల నుంచి 3 నెలల దాకా పట్టవచ్చు. దీన్నే విండో పీరియడ్ అంటారు. ఆ వ్యవధిలో రిపోర్టు నెగెటివ్ వచ్చినా, లోపల వైరస్ జోరుగా పెరుగుతుండవచ్చు.

పసిపిల్లల్లో దీనికి తిరకాసు. పాజిటివ్ తల్లి యాంటీబాడీలు కడుపులో ఉండగానే బిడ్డకు చేరతాయి. 18 నెలల దాకా కూడా ఉండొచ్చు. బిడ్డకు వైరస్ సోకకపోయినా యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ అని చెప్పేస్తుంది. అందుకే పిల్లలకు 6 వారాల వయసులో వేరే పరీక్ష చేస్తారు. మడమ మీద చిన్నగా గుచ్చి, ప్రత్యేకమైన కాగితం అట్ట మీద నాలుగైదు రక్తపు చుక్కలు పట్టి, ఆరబెట్టి, పెద్ద ల్యాబుకు పంపుతారు. అక్కడ నేరుగా వైరస్ జన్యుపదార్థం కోసం వెతుకుతారు. తర్వాత కూడా విడతలవారీగా పరీక్షలుంటాయి, తుది మాట 18 నెలలకు. ఈలోగా ఎవరో రాపిడ్ టెస్ట్ చేసి 'బిడ్డకూ ఉంది' అనేస్తే ఆ తల్లి పడే నరకం చెప్పలేం. ఆ మాట నిజం కాకపోయే అవకాశమే ఎక్కువ.

ఇక సీడీ4 పరీక్ష వైరస్‌ను చూడదు. వైరస్ దెబ్బతీసే తెల్ల రక్తకణాలు ఎన్ని మిగిలాయో లెక్కపెడుతుంది. ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఈ కణాలు 200 కంటే తగ్గిపోయినా, టీబీ వంటి అవకాశవాద జబ్బులు తీవ్రంగా ముసురుకున్నా ఆ దశను ఎయిడ్స్ అంటారు. అంటే హెచ్‌ఐవీ ఉన్న ప్రతి మనిషికీ ఎయిడ్స్ ఉన్నట్టు కాదు. మందులు వేళకు వాడేవాళ్లలో చాలామంది ఆ దశ మొహమే చూడరు.

వైరల్ లోడ్ పరీక్ష ఒక మిల్లీలీటరు రక్తంలో వైరస్ కాపీలు ఎన్ని ఉన్నాయో లెక్కిస్తుంది. మందులు పనిచేస్తున్నాయా లేదా అన్నది, ఇంకొకరికి సోకుతుందా లేదా అన్నది తేల్చేది ఇదే.

మాత్ర వైరస్‌ను చంపదు, మరి ఏం చేస్తుంది?

ఇప్పుడు మన ఏఆర్‌టీ కేంద్రాల్లో ఎక్కువమందికి ఇచ్చేది రోజుకు ఒకే మాత్ర. అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అని మూడు మందులుంటాయి. వైరస్ తన జన్యువును మన కణానికి పనికొచ్చే రూపంలోకి మార్చుకోకుండా మొదటి రెండూ అడ్డుకుంటాయి. అలా మారిన జన్యువు మన డీఎన్ఏలో కలిసిపోకుండా మూడోది ఆపుతుంది. కొత్త కణాలకు సోకడం ఆగిపోయేసరికి రక్తంలో వైరస్ లెక్క కొన్ని నెలల్లో పడిపోతుంది.

కానీ మందులు మొదలుపెట్టకముందే కొన్ని కణాల డీఎన్ఏలో వైరస్ కలిసిపోయి ఉంటుంది. ఆ కణాలు ఏళ్ల తరబడి ఏ చప్పుడూ లేకుండా ఉంటాయి, వాటిని ఈ మందులు ఏమీ చేయలేవు. నివురుగప్పిన నిప్పులాంటి స్థితి ఇది. మాత్రలు ఆపేస్తే చాలామందిలో 2 నుంచి 4 వారాల్లో వైరస్ మళ్లీ రక్తంలో కనిపిస్తుంది. 'కనిపించలేదు' అన్నదానికీ 'నయమైంది' అన్నదానికీ ఉన్న దూరమంతా ఇక్కడే ఉంది.

అంకెలు చదవడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసే 32 ఏళ్ల మనిషిని ఊహించుకుందాం. మందులు మొదలుపెట్టే నాటికి వైరల్ లోడ్ 1,20,000. ఆరు నెలలకు 140. ఏడాదికి 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్'. అంతా సవ్యంగా ఉంది. మరుసటి ఏడాది 68 వచ్చింది. ఆయన గుండె గుభేలుమంది. నిజానికి కంగారు పడాల్సిందేమీ లేదు. మాత్రలు సరిగ్గా వాడుతున్నా మధ్యలో ఒకసారి ఇలా కొద్దిగా పైకి లేచి దిగడం మామూలే.

ఆ తర్వాత పని కోసం బెంగళూరు వెళ్లాడు. అక్కడి కేంద్రానికి మార్పించుకోలేదు, నెలన్నర మాత్రలు లేకుండా గడిపేశాడు. ఈసారి 4,800. మన దేశ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో 1,000 దాటితే హెచ్చరిక కింద లెక్క. వెంటనే మందు మార్చేయరు. మూడు నెలల పాటు ఎక్కడ తేడా వస్తోందో కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడి, మళ్లీ పరీక్ష చేస్తారు. అప్పటికీ తగ్గకపోతే వైరస్ ఆ మందుకు లొంగడం లేదేమోనని ఆలోచిస్తారు, రెండో వరస మందులు అవసరమా అని చూస్తారు. అవీ ఉచితమే.

మాత్రలు మానకపోయినా అంకె పెరిగే సందర్భాలున్నాయి. డోలుటెగ్రావిర్ ఇనుము, కాల్షియం, అల్యూమినియం, మెగ్నీషియం వంటి లోహాలకు అతుక్కుపోయి ఒంటికి పట్టదు. గర్భిణులు ఐరన్ మాత్రను, దీన్ని పరగడుపున కలిపి వేసుకుంటే సగం మందు వృథా అవుతుంది. గ్యాస్ కోసం తాగే జెలూసిల్ లాంటి సిరప్‌తోనూ ఇదే గొడవ. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ అయితే డోలుటెగ్రావిర్‌ను ఒంట్లోంచి త్వరగా బయటికి పంపేస్తుంది, కాబట్టి ఆ రెండూ కలిసి వాడేవాళ్లకు 12 గంటల తేడాతో ఇంకో డోసు కలుపుతారు. ఇవన్నీ తెలియకుండా 'నువ్వు మాత్రలు వేసుకోవడం లేదు' అని మనిషిని తిట్టడం అన్యాయం.

'సోకదు' అని అంత గట్టిగా ఎలా చెబుతున్నారు?

2011లో వెలువడ్డ హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనంతో ఈ కథ మలుపు తిరిగింది. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి, ఇంకొకరికి లేని 1,763 జంటల్ని 9 దేశాల్లో పరిశీలించారు. చెన్నై, పుణె జంటలు కూడా అందులో ఉన్నాయి. వెంటనే మందులు మొదలుపెట్టిన వాళ్ల నుంచి భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది.

మరి మిగతా 4 శాతం సంగతి? దానికి యూరప్‌లో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనం జవాబిచ్చింది. 2016లో ఫలితాలు వచ్చాయి. వైరల్ లోడ్ 200 కంటే తక్కువ ఉన్న వ్యక్తి, నెగెటివ్ భాగస్వామి ఉన్న 888 జంటలు కండోమ్ లేకుండా సుమారు 58,000 సార్లు కలిశాయి. భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. కొందరు నెగెటివ్ భాగస్వాములకు కొత్తగా హెచ్‌ఐవీ వచ్చిన మాట నిజమే, కానీ ఆ వైరస్ జన్యువును పోల్చి చూస్తే అది జంటలోని మనిషిది కాదని, బయట నుంచి వచ్చిందని తేలింది. 2019లో స్వలింగ పురుష జంటలతో చేసిన రెండో దశలోనూ ఫలితం సున్నాయే.

వీటి ఆధారంగానే వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే లైంగికంగా సోకే ప్రమాదం సున్నా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. పరీక్షకు అందినా 1,000 లోపు ఉంటే దాదాపు లేనట్టేనంది. ప్రపంచమంతా 'యూ ఈక్వల్స్ యూ' (అన్‌డిటెక్టబుల్ ఈక్వల్స్ అన్‌ట్రాన్స్‌మిటబుల్, అంటే పరీక్షకు అందకపోతే సోకదు) అని పిలుచుకునేది దీన్నే.

ఈ భరోసా ఎక్కడిదాకా?

హద్దులు తెలియకపోతే మంచి కబురు కూడా చేటు చేస్తుంది. మందులు మొదలుపెట్టిన మొదటి నెలల్లో ఇది వర్తించదు. రిపోర్టు వచ్చి, మాత్రలు ఆగకుండా సాగుతున్నప్పుడే. ఇది లైంగిక సంబంధానికి సంబంధించిన మాట మాత్రమే, ఒకే సూది పంచుకునేవాళ్లకు కాదు. సిఫిలిస్, గనేరియా, హెపటైటిస్ బి వంటివాటిని, వద్దనుకున్న గర్భాన్ని ఇది ఆపదు, అక్కడ కండోమ్ అవసరం అలాగే ఉంది.

తల్లిపాల విషయం ఇంకా సున్నితం. తల్లి వేళకు మందులు వాడితే పాల ద్వారా సోకే ప్రమాదం బాగా తగ్గిపోతుంది, కానీ 'సున్నా' అని ఇక్కడ ఎవరూ అనడం లేదు. అయినా మన దేశంలో తల్లి మందులు వాడుతూ మొదటి 6 నెలలు తన పాలే ఇవ్వమంటారు. కారణం తేలికే. శుభ్రమైన నీళ్లు, డబ్బాపాలకు సరిపడా డబ్బు లేని చోట పోతపాలతో వచ్చే విరేచనాలు, న్యుమోనియా పసిప్రాణానికి అంతకంటే పెద్ద ముప్పు. తల్లిపాలు కొన్నాళ్లు, డబ్బాపాలు కొన్నాళ్లు అని మొదటి 6 నెలల్లో కలిపి పట్టడం మంచిది కాదని చెబుతారు.

ఇక దోమకాటు, ఒకే కంచం, ఒకే బాత్రూమ్, కౌగిలి, ముద్దు. వీటితో వైరల్ లోడ్ ఎంతున్నా సోకదు. దీనికి ఇంతకంటే చోటు అక్కర్లేదు.

'మందు కనిపెట్టారు' అనే ఫార్వర్డులు

పూర్తిగా నయమైనవాళ్లు అసలు లేరా అంటే, ఉన్నారు. బెర్లిన్ పేషెంట్‌గా పేరుపడ్డ తిమోతీ రే బ్రౌన్ వారిలో మొదటివాడు. రక్త క్యాన్సర్ కోసం జరిగిన మూలకణ మార్పిడిలో, హెచ్‌ఐవీ లోపలికి రాకుండా అడ్డుకునే అరుదైన జన్యుమార్పు ఉన్న దాత కణాలు ఆయనకు ఎక్కించారు. ప్రాణాపాయం ఉన్న చికిత్స అది, క్యాన్సర్ లేని మనిషికి ఎవరూ చేయరు.

ఈ మధ్య వాట్సాప్‌లో తిరిగే '6 నెలలకో ఇంజెక్షన్' లెనకపవిర్. 2024లో దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఈ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. గొప్ప ఫలితం. కానీ వాళ్లంతా నెగెటివ్‌గా ఉన్నవాళ్లు. ఇది రాకుండా ఆపే మందు, వచ్చినదాన్ని పోగొట్టేది కాదు. దీని జనరిక్ తయారీకి లైసెన్సు పొందిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి. పేద దేశాలకు హెచ్‌ఐవీ మాత్రలు పంపే ఊరు మనది. అదే మాత్రను మన ఊళ్లోనే బియ్యం డబ్బాలో దాచుకుని వేసుకోవాల్సిన గతి, విచిత్రం కాకపోతే ఏంటి?

పసరు మందుతో 'వైరల్ లోడ్ సున్నా చేశాం' అని రిపోర్టులు చూపించేవాళ్ల గుట్టు కూడా ఇప్పుడు తేలిగ్గా పట్టేయొచ్చు. వాళ్ల దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఏఆర్‌టీ వాడుతుంటారు, సున్నా చేసింది ఆ మాత్ర. పేరు మాత్రం పసరుకు. ఎయిడ్స్‌ను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదని డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ జె ఎప్పటినుంచో అంటోంది.

చెప్పాలా, దాచాలా అనే వాదన

'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ హోర్డింగు చూడని కూడలి లేదు. ఉచిత ఏఆర్‌టీ మొదలైంది 2004 ఏప్రిల్‌లో, అదీ దేశం మొత్తం మీద కొద్ది ఆస్పత్రుల్లోనే. సీడీ4 బాగా పడిపోయాకే మందు ఇచ్చేవారు, పాజిటివ్ అనగానే అందరికీ ఇవ్వడం 2017లో గానీ రాలేదు. మందు అందని రోజుల్లో జాగ్రత్త ఒక్కటే దారి, కాబట్టి ఆ ప్రచారాన్ని తప్పుపట్టలేను. అయితే అప్పుడు బుర్రకెక్కిన భయం మందు వచ్చాక కూడా దిగలేదు.

ఇప్పుడు 'సోకదు' అన్న మాటను గట్టిగా చెప్పడానికి కొందరు డాక్టర్లు, కౌన్సెలర్లు జంకుతారు. వాళ్ల వాదనలో పసలేకపోలేదు. స్థిరంగా ఉన్నవాళ్లకు ఇక్కడ వైరల్ లోడ్ పరీక్ష ఏడాదికి ఒకసారే. మధ్యలో మాత్రలు మానితే పాత రిపోర్టు పట్టుకుని ధైర్యంగా ఉండటం ప్రమాదమే. భర్త 'నాది సున్నా' అని చెప్పి కండోమ్ వద్దంటే, రిపోర్టు చూపించమని అడిగే చనువు ఎంతమంది భార్యలకుంది?

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవాళ్ల వైపు నుంచి వచ్చే మాట ఇంకోలా ఉంటుంది. తన వల్ల ఇంకొకరికి ముప్పు లేదన్న నిజాన్ని సొంత డాక్టరే దాచడం ఏం న్యాయం? పైగా మాత్ర మానకుండా వేసుకోవడానికి దీనికి మించిన ప్రోత్సాహం లేదు. వాళ్లలోనే ఇంకొందరికి మరో బెంగ ఉంది, వైరస్ ఇంకా అణగనివాళ్లు రెండో తరగతి మనుషులైపోతారేమోనని. నా దృష్టిలో డాక్టర్ల అభ్యంతరం పరీక్ష ఎంత తరచుగా జరుగుతోందన్నదాని మీద, కనుగొన్న నిజం మీద కాదు. దానికి విరుగుడు పరీక్షలు పెంచడం, మాట మింగేయడం కాదు.

పెళ్లి, చట్టం

1998లో ఒక కేసులో సుప్రీంకోర్టు, హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తి పెళ్లి హక్కు సస్పెండ్ అయినట్టేనన్న అర్థంలో వ్యాఖ్యలు చేసింది. ఆ కేసుకు ఆ వ్యాఖ్యలు అవసరం లేదని 2002లో అదే కోర్టు పక్కన పెట్టింది. తర్వాత వచ్చిన 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మనిషికి చెప్పి, ఒప్పుకున్నాకే పరీక్ష చేయాలి. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు విషయంలో వివక్ష చూపకూడదు. రిపోర్టు బయటపెట్టమని బలవంతం చేయకూడదు.

అలాగని భాగస్వామిని గాలికొదిలేయలేదు. పాజిటివ్ వ్యక్తి ముప్పు తగ్గించే జాగ్రత్తలు తీసుకోవాలి, లేదా ముందే విషయం చెప్పాలి. భాగస్వామికి నిజంగా ముప్పుందని, ఎంత నచ్చజెప్పినా ఆ వ్యక్తి చెప్పడని డాక్టరుకు లేదా కౌన్సెలర్‌కు అనిపిస్తే, ఆ సంగతి ముందుగా ఆ వ్యక్తికి తెలియజేసి, తామే భాగస్వామికి చెప్పవచ్చు. చెబితే కొట్టి, ఇంట్లోంచి గెంటేస్తారన్న భయం ఉన్న ఆడవాళ్ల విషయంలో చట్టం మినహాయింపు ఇచ్చింది.

పెళ్లికి ముందు పరీక్ష తప్పనిసరి చేయాలన్న వాదన మన దగ్గర ఊరికే పుట్టలేదు. ఏ తప్పూ లేకుండా భర్త నుంచి సోకిన భార్యలు ప్రతి ఏఆర్‌టీ కేంద్రంలో కనిపిస్తారు. కానీ నిశ్చితార్థం నాటి నెగెటివ్ కాగితం విండో పీరియడ్ ముందు తేలిపోతుంది, పెళ్లయ్యాక సోకేదాన్ని అసలే ఆపదు. పైగా పాజిటివ్ వచ్చిన అమ్మాయి రిపోర్టు మధ్యవర్తి నోట పడితే ఆ ఊళ్లో ఆ కుటుంబం తలెత్తుకోలేదు. ఇద్దరూ కలిసి, ఇష్టపడి, కౌన్సెలింగ్‌తో చేయించుకోవడం వేరు, రెండు వైపుల పెద్దలు పట్టుబట్టి చేయించడం వేరు.

ఓదార్పు: ఏ మాట పనికొస్తుంది?

పాజిటివ్ అని తెలిసిన మనిషి చుట్టుపక్కలవాళ్ల నుంచి వినే మొదటి మాట తరచూ 'ఎలా వచ్చింది?' అనే. చికిత్సకు దాని జవాబుతో పనే లేదు. 'మందులు మొదలుపెట్టారా?' అని అడిగితే సంభాషణ ఇంకో దారి పడుతుంది. ముందుగా మొదలుపెట్టి మానకుండా వాడేవాళ్లు దాదాపు అందరిలాగే పూర్తి ఆయుష్షు బతుకుతున్నారు. 28 ఏళ్లకు పాజిటివ్ అని తెలిసినవాళ్లు మనవల గురించి కూడా ఆలోచించుకోవచ్చు.

జాలి మాటలు మాత్రం మాత్ర మాన్పించిన సందర్భాలే ఎక్కువ. 30 మాత్రలుండే డబ్బా సంచిలో గలగలమంటుంది. బస్సులో ఆ చప్పుడు వినపడకుండా అందులో దూది కుక్కుకుంటారు, మీద లేబుల్ గోటితో గీకేస్తారు. చుట్టాలింటికి పెళ్లికి వెళ్తే నాలుగు రోజులు మాత్రలు వేసుకోరు, ఎవరైనా చూస్తారని. వైరల్ లోడ్ పెరగడానికి ఇలాంటి పెళ్లిళ్లు రెండు మూడు చాలు. అందుకే ఇంట్లో కనీసం ఒక్కరికైనా సంగతి తెలిసి ఉండటం గురించి కౌన్సెలర్లు అంత పట్టుబడతారు. అక్కో, బావో, స్నేహితుడో ఎవరైనా సరే, 'మాత్ర వేసుకున్నావా' అని మామూలుగా అడిగే మనిషి ఉంటే చాలు.

దిగులు, నిద్రపట్టకపోవడం, చావు ఆలోచనలు మొదటి నెలల్లో చాలామందికి వస్తాయి. అది పిరికితనం కాదు, చికిత్స ఉన్న సమస్యే, ఏఆర్‌టీ కేంద్రంలోనే చెప్పవచ్చు. అదే దారిలో ముందు నడిచిన మరో పాజిటివ్ వ్యక్తితో అరగంట మాట్లాడటం చాలామందికి డాక్టరు మాట కంటే ఎక్కువ ధైర్యమిస్తుంది. చేతి ఖర్చుకు రెండు రాష్ట్రాల్లోనూ పెన్షన్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఏఆర్‌టీ పెన్షన్ నెలకు 4,000 రూపాయలు. కేంద్రానికి వెళ్లే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకునేవాళ్ల కోసం 1097 నంబరుంది. కాల్‌కు డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు.